పొద్దు వాలకముందే పిలవాలి

నెలిదా కాలు జారింది.

కోటగోడ అంచున రాయి తడిగా ఉంది. కింద లోయ. ఎలియాస్ చటుక్కున భార్య మణికట్టు పట్టుకుని లాగాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపు ఊపిరి తీసుకుని నవ్వింది.

"పోయేదాన్నే."

"పోతే మీ అమ్మ నన్ను బతకనిస్తుందా?"

ఇద్దరిదీ సముద్రపు ఒడ్డున లిమా నగరం. సముద్రపు గాలికి అలవాటైన ఊపిరి ఈ ఎత్తులో పది మెట్లకే అయిపోతోంది. పొద్దుటినుంచి ఆయాసం తగ్గడానికి కోకా ఆకు నములుతూ పాతకాలపు ఇన్కా రాజుల కోట రాళ్లు చూస్తున్నారు. చలి, చలి అని నెలిదా సణుగుతూనే ఉంది. సాయంత్రం బస్సుకు కుస్కో పట్నం వెళ్లిపోవాలి.

పై మెట్ల మీంచి ఒక ముసలాయన గబగబా దిగి వచ్చాడు. మెడలోంచి వేసుకున్న పాత పోంచో దుప్పటి, చెవులు కప్పే టోపీ.

"అమ్మాయి పేరేంటి బాబూ?"

"ఎందుకు తాతా?"

"ఒంటిమీది గుడ్డ కూడా ఒకటియ్యి. బెదిరింది. మనిషి లేచింది గానీ లోపలి జీవుడు ఇక్కడే పడిపోయాడు. పొద్దు వాలకముందే పిలవాలి."

ఎలియాస్ నవ్వాడు. "మా అమ్మమ్మా ఇంతే. జ్వరమొస్తే కోడిగుడ్డు తిప్పి దిష్టి తీసేది. గుడ్డు దండగ. జ్వరం మాత్రం ఎక్కడికీ పోయేది కాదు."

"నాకేమీ వద్దు బాబూ. పేరు, గుడ్డ. అంతే."

"ఏమీ వద్దనేవాళ్లతోనే భయం. నిన్న ఒకామె ఫొటోకని తన పెంపుడు జంతువు లామా పక్కన ఊరికే నిలబడమంది. తర్వాత లామాకి కూడా కూలి అడిగింది."

"ఇచ్చేద్దూ, శాలువాయేగా," అంది నెలిదా.

"అల్పాకా ఉన్ని! నిన్ననేగా కొన్నాం!"

ముసలాయన శాలువా కొస పట్టుకున్నాడు. ఎలియాస్ రెండు చేతులతో రొమ్ముమీద నెట్టాడు. ముసలాయన రాతిమీద కూలబడ్డాడు.

తిట్టలేదు. లోయవైపు తిరిగి చేతులు చాచాడు.

"హంపుయ్... హంపుయ్... తిరిగి రా అమ్మాయ్. అక్కడ ఉండకు. మీ ఆయన వెళ్లిపోతున్నాడు."

కింది మెట్ల పొలాలన్నీ చూసుకుంటూ వాళ్లు దిగుతున్నంతసేపూ ఆ కేక వెనకాలే దిగింది.

సగం దారిలో నెలిదా సణుగుడు ఆగిపోయింది. ఎలియాస్‌కి హాయిగా అనిపించింది.

కొండ మొదట్లో సటుర్నీనా అనే ఆవిడ సూపు కొట్టు. పొగలు కక్కే గిన్నెను నెలిదా రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. వేళ్లు ఎర్రబడుతున్నాయి. వదల్లేదు.

"కాలుతుంది, కింద పెట్టు!"

పెట్టలేదు.

"నెలిదా!"

మూడోసారి పిలిస్తే తల తిప్పింది. అతనివైపు కాదు. కొండవైపు. ఆ పేరుగల మనిషి ఎవరో అక్కడున్నట్టు చూసింది.

సటుర్నీనా గరిటె పక్కన పెట్టి వచ్చింది. నెలిదా కళ్లలోకి వంగి చూసింది.

"ఎక్కడ పడింది?"

"పడలేదు. జారింది. పై గోడ దగ్గర."

"ఎవరైనా పిలిచారా?"

"ఒక ముసలాయన గుడ్డ అడిగాడు. నెట్టేశాను."

"నీ చేతులు విరగ! బెదిరినదాన్ని పిలవకుండా వదిలేస్తే నెల తిరక్కుండా మట్టిలో పెడతావు!"

నెలిదా ఒంటిమీది శాలువా లాగి అతని చేతిలో పెట్టింది.

"పరుగెత్తు. రాయిమీద ఇంకా ఎండ ఉంది."

ఎన్ని చోట్ల కూలబడ్డాడో, ఎలా ఎక్కాడో ఎలియాస్‌కి తెలియదు.

ముసలాయన లోయవైపు తిరిగి అలాగే ఉన్నాడు. నోరు కదులుతోంది. శబ్దం లేదు.

"నెలిదా. పేరు నెలిదా, తాతా. ఇదిగో శాలువా."

ముసలాయన గొంతు తాకి చూపించాడు. గాలిలాంటి మాట వచ్చింది.

"పేరు లేకుండా పిలిచీ పిలిచీ పోయింది. నువ్వే పిలువు. శాలువా ఊపు. దిగేటప్పుడు వెనక్కి చూడకు."

ఎలియాస్ పిలిచాడు. లోయ పలకలేదు. ఎండ రాతి అంచు దాటేదాకా పిలిచాడు. ఒట్టి గాలి.

శాలువా గుండెకు హత్తుకుని దిగాడు.

నాలుగు మెట్లు దిగాక వెనకాల చిన్న రాళ్లు జారాయి. మెట్టు మెట్టుకీ ఆగి ఎవరో ఆయాసపడుతున్నారు.

చూడలేదు.

కొట్టుకు చేరి శాలువా నెలిదా భుజాలమీద కప్పాడు. ఆమె గజగజ వణికింది.

"అబ్బా, ఏం చలి! నా చేతులు మండుతున్నాయేంటి? ఇంత చల్లారిన సూపు ఎవరు తాగుతారు?"

ఎలియాస్ అక్కడే కూర్చుని ఏడ్చేశాడు. తర్వాత లేచి, "బస్సు పోతే పోనీ. పొద్దున్నే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు.

"ఆ గొంతు ఇక వస్తుందో రాదో," అంది సటుర్నీనా. "రోజూ పొద్దు వాలేదాకా తన పెళ్లాన్ని పిలుచుకుంటాడు. ఇవాళ ఆ గొంతంతా నీ పెళ్లానికి పెట్టాడు."

"ఏ ఊరాయన? ఈ కొండమీదేనా?"

సటుర్నీనా పొయ్యిమీద బూడిద కప్పింది.

"కొండేమిటి, మీ లిమా ఆయనే, ముప్పై ఏళ్ల కింద ఒక్కరోజు చూసిపోదామని భార్యతో వచ్చి, ఆమె ఆ గోడ దగ్గరే జారితే, పేరూ గుడ్డా అడిగిన మా నాన్నను రొమ్ముమీద నెట్టేశాడు."