వయసుకు తగ్గ మెత్తదనం

ఆ రోజుల్లో బండి సస్పెన్షన్‌ను ఎవరూ చేత్తో ముట్టుకునేవారు కాదు. నడిపేవారి వయసు చూసి బండే సర్దుకునేది. పైడితల్లికి యాభై అయిదు నిండిన ఉదయం ఆమె స్పోర్ట్స్ బైకు పరుపులా మెత్తబడింది. పాడేరు ఘాటు రోడ్డు మలుపులో బ్రేకు పట్టగానే ముందుభాగం కూలబడి, హ్యాండిల్ తూలి, బండి లోయ అంచుదాకా పోయింది.

ఇంటికొచ్చి, బండి తనంతట తాను సర్దుకునేలా చేసే తీగను ఆమె పీకేసింది.

"మీ వయసుకు ఇది క్షేమం కాదు," అంది బండి.

"లోయలో పడ్డం క్షేమమేటి? నోర్ముయ్!"

తమ్ముడు సన్యాసిరావు కంగారుపడ్డాడు. "అక్కా, ఇన్సూరెన్సు పోతాది. మెల్లగా నడుపుకోరాదా?"

"ఈ ఘాటులో నా వయసంతా నడిపేను. ఇయ్యాల ఇది నాకు నేర్పుతాదేటి?"

ముందు ఫోర్కుల మరలు బిగించి ఘాటెక్కి చూసింది. చాలలేదు. దిగొచ్చి వెనక స్ప్రింగు కూడా బిగించింది. ఈసారి అదే మలుపులో బండి ఆమె చూసిన వైపే తిరిగింది. ఇన్సూరెన్సు రద్దయిందని బండి చెబుతుంటే ఆమె పకపకా నవ్వుతూ వేగం పెంచింది.

మర్నాడు ఆమె ఈడు ఆడవాళ్లు బళ్లతో గుమ్మం ముందు నిలబడ్డారు. "వదినా, మాయి కూడా బిగించవా?"

"బిగిస్తాను. బరువెంతో నిజం చెప్పండి, స్ప్రింగుకి అదే చాలు. వయసు నాకక్కర్లేదు," అంది పైడితల్లి.