గుండీల డబ్బా

"తలెత్తి మేడమ్ వైపు చూడు. నేల మీద జవాబేమీ రాసిపెట్టి లేదు," అంది అక్క.

తమ్ముడు తలెత్తలేదు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో అక్క కుర్చీ వెనక నిలబడి, యూనిఫాం చొక్కా చివర వేలికి చుట్టుకుంటున్నాడు. ఆ చొక్కా అక్కే ఇస్త్రీ చేసింది. మెడ దగ్గర గుండీ పెట్టడానికి ఆమె మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. వీడు ఎప్పుడో తనని దాటి ఎదిగిపోయాడు, బుద్ధి మాత్రం ఎక్కడ వదిలేశాడో అక్కడే ఉంది, అనుకుని విసుక్కుంది కూడా.

"నువ్వే చెప్పు బాబూ," అంది హెడ్‌మిస్ట్రెస్. "నిన్న బస్సులో పాప చేతిలో గింజల డబ్బా ఎందుకు లాక్కున్నావు?"

"ఆడించొద్దన్నాను. వినలేదు."

"ఆ పాపకి మాటలు రావని తెలుసుగా?"

"తెలుసు."

"సిగ్నల్ దగ్గర బస్సు ఆగగానే సీట్లోంచి లేచి వెళ్ళావు. డబ్బా లాక్కుని కిటికీలోంచి విసిరేశావు. నువ్వు అరిచిన అరుపుకి మిగతా పిల్లలు కూడా ఏడుపందుకున్నారు. ఇవాళ పొద్దున ఆ పాప బస్సెక్కనని గుమ్మం పట్టుకుని కూర్చుందట. వాళ్ళమ్మ పని మానుకుని తనే తెచ్చి దింపింది."

అక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ తల్లికి ఎదురుపడితే మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"వీడికి చిన్నప్పట్నుంచీ చప్పుడంటే పడదు మేడమ్," అంది మెల్లగా.

"ఈ బస్సులో చప్పుడు ఎవరికి పడుతుందమ్మా? ఒకరికి హారన్ పడదు, ఒకరికి బ్రేకు పడదు. ఆ పాపకి మాత్రం చేతిలో గింజల డబ్బా గలగలమంటేనే ఊపిరాడుతుంది. మనకది అల్లరి, తనకి ఆసరా. మీ తమ్ముడికేమో అదే చెవిలో జోరీగ. ఇద్దరూ రోజూ ఒకే బస్సులో వెళ్ళాలి. అదీ మా తిప్పలు."

"బస్సులోంచి మాత్రం తీసెయ్యకండి మేడమ్." అక్క చేతులు జోడించింది. "ఇదివరకు రెండు చోట్ల పెట్టి చూశాం. రెండు చోట్లా నెల తిరక్కుండానే ఇంటికి పంపేశారు. మీరూ వద్దంటే ఇంట్లో కూర్చోబెట్టుకోవడమే. చిన్నప్పట్నుంచీ బస్సంటే ప్రాణం వీడికి. అమ్మ పోయాక వీడు మనసారా నవ్వింది మీ బస్సెక్కిన రోజే."

అంత గుట్టుగా దాచుకున్న మాట అలా బయటపడేసరికి తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

పొద్దున ఆ బస్సు వాడు లేకుండానే అక్క కుట్టుకొట్టు ముందు నుంచి వెళ్ళిపోయింది. వాడు కర్టెన్ చాటున నిలబడి, మలుపు తిరిగేదాకా దాన్నే చూశాడు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన పక్కింటావిడ ఊరుకోలేదు. "ఏమ్మా, మీవాణ్ణి బస్సులోంచి దింపేశారటగా?" అని ఆరా తీసింది. అక్క చేతిలో సూది తన వేలికే గుచ్చుకుంది.

ఆవిడ వెళ్ళాక వాడు బయటికెళ్ళాడు. సిగ్నల్ దగ్గర రోడ్డు పక్కంతా వెతికి, పగిలిన డబ్బా మూత ఒక్కటే పట్టుకొచ్చాడు. తర్వాత కొట్లోని గుండీలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఖాళీ పౌడరు డబ్బాలో పోయడం, చెవి దగ్గర పెట్టి ఆడించడం, నచ్చక మళ్ళీ పారబోయడం. కుట్టు మిషను చప్పుడుకే గదిలోంచి లేచిపోయేవాడు, ఆ గలగలని అంతసేపు భరించాడు. మూత ఊడకుండా టేపు కూడా చుట్టాడు. అది చూసి అక్క, తిట్టాలనుకున్నవన్నీ మింగేసింది.

హెడ్‌మిస్ట్రెస్ సొరుగులోంచి ఒక ఎర్ర కార్డు తీసింది.

"సరే, చివరి అవకాశం. చిరాకొస్తే నోరు తెరవకు, సీట్లోంచి లేవకు. ఈ కార్డు పైకెత్తు. ఆయా నీ వెనకే ఉంటుంది, మిగతాది తను చూసుకుంటుంది. బస్సులో అందరికీ ఇదే నేర్పాం, బుద్ధిగా పాటిస్తున్నారు. నువ్వూ పాటించు."

"అలాగే మేడమ్."

"ముందు పాపకి సారీ చెప్పు. అందరి ముందూ."

బడి వదిలారు. గేటు దగ్గర బస్సులో పిల్లలు ఒక్కొక్కరే సర్దుకుంటున్నారు. ఆయా బతిమాలగా బతిమాలగా ఎక్కిన పాప కిటికీ పక్కన ఒట్టి చేతులతో కూర్చుంది. మెట్ల మీద వాణ్ణి చూడగానే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

వాడికి అక్కడికక్కడే మాయమైపోవాలనిపించింది. హెడ్‌మిస్ట్రెస్ చీవాట్లకి కూడా అంత సిగ్గు వెయ్యలేదు. సీట్ల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా చాపాడు.

"సారీ. నీ తప్పేం లేదు, తప్పంతా నాదే. ఇది నీకు."

పాప వేళ్ళ సందుల్లోంచి చూసింది. చాలాసేపటికి డబ్బా అందుకుని తన చెవి దగ్గర ఆడించుకుంది. తర్వాత ముందుకి వంగి, సరిగ్గా వాడి చెవి దగ్గర పెట్టి బలంగా ఆడించింది.

వాడి కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. నోరు తెరుచుకుంది. తలుపు దగ్గర అక్క ఒక మెట్టు పైకెక్కింది.

వాడు నోరు మూసుకున్నాడు. జేబులోంచి ఎర్ర కార్డు తీసి పైకెత్తాడు.

"అమ్మలూ, కాస్త మెల్లగా," అంటూ ఆయా పాప చేతి మీద చెయ్యి వేసింది. పాప డబ్బాని ఒళ్ళోకి దించుకుని మెల్లగా ఆడించుకుంది. వాడి చేతిలోని కార్డు లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసి, తనే వాడి చొక్కా జేబులో పెట్టింది.

"అందరూ కూర్చున్నారు," అంది ఆయా నవ్వుతూ. "నిలబడింది నువ్వొక్కడివే."

"వెళ్ళు, నీ చోట్లో కూర్చో," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

వాడు డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.