సుగుణమ్మ వంతు

"ఆ చాపలు చుట్టెయ్ సుగుణా. రేపు ఇక్కడ ప్రార్థన కూడిక లేదు," అంది అపర్ణ గుమ్మం బయటే నిలబడి.

ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి అడిగి తెచ్చిన చాపలు పరుస్తున్న సుగుణమ్మ చెయ్యి ఆగిపోయింది.

"రేపు నా వంతు గదా దీదీ?"

అవతలి ఒడ్డున డెలానీపూర్‌లో తను వంటపని చేసే ఇంటి టీచరమ్మ అపర్ణ, ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో తన ఇంటికి రావడం ఇదే మొదలు. చర్చిలో పెద్దవాళ్లకో బెంచీ, బీదవాళ్లకో బెంచీ ఏమిటని అందరినీ బయటికి తెచ్చింది ఆమే. ఇప్పుడు పాస్టరు లేడు, గుడి లేదు. ఆదివారానికొకరి ఇల్లు. ఎవరింట్లో కూడికైతే ప్రభువు బల్లకి రొట్టె వాళ్లే చెయ్యాలి.

"సముద్రం ఒడ్డున పెట్టుకుందామన్నారు. దేవుడికి గోడలెందుకు?"

"అయితే వచ్చే ఆదివారం ఇక్కడేనా?"

"వచ్చే వారం జాహ్నవి వాళ్లింట్లో. ఇక్కడ తినాలంటే కొందరికి ఇబ్బందిగా ఉందట."

సుగుణమ్మ చేతిలోని చాప కింద పెట్టింది.

"నా చేతి రొట్టేనా ఇబ్బంది? మీ ఇంట్లో కూడికైనప్పుడల్లా కాల్చింది నేనే గదా దీదీ. అందరూ తిన్నారు."

"మా ఇంటి రొట్టె అనుకుని తిన్నారు," అంది అపర్ణ మెత్తగా.

సుగుణమ్మ వంగి చాపలు చుట్టసాగింది.

జెట్టీలో ఫెర్రీ కూత వేసింది. రెండడుగులు వేసిన అపర్ణ వెనక్కి తిరిగింది.

"రేపు మొదటి ఫెర్రీకే మా ఇంటికి వచ్చెయ్. రొట్టె కాల్చాలి."