మొహాలు చూడని గోడ

"వాడు ఆ బాత్రూంలోంచి తన కాళ్ల మీద బయటికి రాకూడదు," అన్నాడు బావ.

బావంటే గోడకి అక్క మొగుడు, ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. ఇంట్లో అక్క ముందు దాచుకున్న నోరంతా డ్రెస్సింగ్ రూంలో వాడతాడు. ఇక గోడంటే జట్టులో డిఫెండరు. గోల్ ముందు నిలబడితే ఎవర్నీ దాటనివ్వడని ఆ పేరు.

"ఆట మొదలయ్యాక చూసుకుంటాలే బావా," అన్నాడు గోడ బూటు లేసులు బిగిస్తూ.

"ఆట మొదలయ్యాక వాడు నీకు చిక్కుతాడా? నువ్వు లేచి నిలబడుతుంటేనే నీ మోకాలు పాత తలుపులా కిర్రుమంటోంది. ఆ కొత్త స్ట్రైకర్ని వాళ్లు ఈ సెమీఫైనల్ కోసమే తెచ్చుకున్నారు. ప్రాక్టీసులో వాడు కొట్టిన బంతికి వాళ్ల గోల్‌కీపర్ చెయ్యే విరిగిందట. ఇవాళ ఓడితే ఇంటికే. ఈ కప్పులో ఇంకో ఛాన్సుండదు."

ఆ ముక్క గోడకి చెప్పక్కర్లేదు. వచ్చే సీజనుకి ఆ మోకాళ్లు ఎలాగూ రావు. ఇంటి దగ్గర వాళ్లావిడ షోకేసులోంచి తన పింగాణీ సెట్టు తీసేసి నడిమి అర ఖాళీ చేసి పెట్టింది. "కప్పు రాకపోతే అందులో నిన్నే కూర్చోబెడతా," అని కూడా చెప్పింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

మూలన సీసాల్లో నీళ్లు నింపుతున్న గోడ బామ్మర్ది గొణిగాడు. "నన్ను దింపొచ్చుగా. స్ట్రైకర్‌కి స్ట్రైకర్."

"నువ్వు మాట్లాడకు. మొదటి రౌండులో వేరే జట్టు చొక్కా తొడుక్కున్నావు," అన్నాడు బావ.

"కాసేపేగా ఆడింది."

"కాసేపు కాపురం చేస్తే పెళ్లి కాకుండా పోతుందా? ఈ కప్పులో సీజనుకి ఒకటే చొక్కా, మారుమనువు లేదు. నువ్వు మా చొక్కాతో గ్రౌండులో కాలు పెడితే చాలు, జట్టు మొత్తాన్నీ గెంటేసి అవతలివాళ్లని గెలిపిస్తారు. సీసాలు నింపు."

గోడ లేచాడు. గోడ వృత్తికి వెల్డరు. కుడి బూటు కింద మేకు ఊడిపోతే ఆ చోట తనే ఇనపముక్క అతికించుకున్నాడు. అతుకు వంకరపోయి నెలవంకలా కుదిరింది. రిఫరీ బూట్లు చూసే వేళకి దాని మీద బురద పూసేవాడు. ఈ సీజనులో ప్రతి రౌండులోనూ ఎవడో ఒకడు ఆ నెలవంకని కాలి మీద వేయించుకుని ఇంటికెళ్లాడు.

"మొహం చూడకు," అని వెనక నుంచి గుర్తుచేశాడు బావ.

"ఎప్పుడు చూశాను గనక."

మొహం చూస్తే జాలేస్తుంది, మోకాళ్లు చూస్తే పనవుతుంది. గోడ పద్ధతి అదీ. అవతలి జట్లలో ఏ ఒక్కర్నీ అతను నడుం పైన ఎరగడు.

బాత్రూంలో స్ట్రైకర్ ఒక్కడే సింకు మీదికి వంగి మొహం కడుక్కుంటున్నాడు. గోడ తలుపు గడియ పెట్టి, పలకరింపైనా లేకుండా వాడి మెడ పట్టుకుని నుదురు సింకుకేసి కొట్టాడు. సింకు అంచు విరిగింది. నుదురు గట్టిదే. వాడు గిర్రున తిరిగి మోచేత్తో నోటి మీద ఒక్కటిచ్చాడు. గోడ పన్నొకటి ఊడి, సింకులో చక్కర్లు కొట్టి తూములోకి జారిపోయింది.

"ఎవడ్రా నువ్వు?"

"నోరు మూసుకుని కాలియ్యి," అన్నాడు గోడ, రక్తం ఉమ్మి.

వాడు కాలివ్వలేదు. పక్కనున్న బకెట్టెత్తి గోడ నెత్తి మీద బోర్లించి, దాని మీద పిడికిళ్లతో బాదాడు. లోపల గుడి గంటలో దూరినట్టుంది. అయితే బకెట్టు కింది సందులోంచి వాడి మోకాళ్లు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. గోడకి అంతకన్నా ఏం కావాలి?

ఒక్క తాపు తన్నాడు. వాడు తడి నేల మీద వెల్లకిలా పడ్డాడు. గోడ కుడికాలెత్తి, ఒంటి బరువంతా వేసి, వాడి ముంగాలి మీద దించాడు. ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. వాడి కేక బయట జనం ఈలల్లో కలిసిపోయింది. అదే ఊపులో గోడ మోకాలు కూడా పక్కకి తిరిగి, అతనూ వాడి పక్కనే కూలబడ్డాడు.

అయినా పని మధ్యలో వదిలే అలవాటు లేదు. జారిపడ్డాడనుకునేలా వాడి మడమ దగ్గర సబ్బుముక్క పడేశాడు. అతుకు పరీక్షించే వెల్డరులా, విరుపు సరిగ్గా పడిందో లేదో చూద్దామని వాడి మేజోడు కిందికి లాగాడు.

ముంగాలి మీద నెత్తురోడుతూ నెలవంక. దాని పక్కనే, మానిపోయి తెల్లబడిన ఇంకో నెలవంక.

గోడ తన పనితనాన్ని ఎక్కడున్నా గుర్తుపడతాడు. ఆటలోకొచ్చాక మొట్టమొదటిసారి తలెత్తి అవతలివాడి మొహం చూశాడు.

"ఇది నేను వేసిందే. ఎప్పుడు వేశాను?"

"మొదటి రౌండులో," అన్నాడు స్ట్రైకర్ పళ్లు బిగబట్టి. "పాత జట్టుతో మీ మీద ఆడా. దిగీదిగగానే తొక్కేశావు. ఆ వానలో, బురదలో నన్నెవరూ పోల్చుకోలేదులే అని, ఆడిన సంగతి ఈ కొత్తవాళ్లకి చెప్పలేదు. నువ్వు కూడా పోల్చుకోలేదుగా."

తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

"అయిందా?" బయట నుంచి బావ గుసగుసలాడాడు. "వాడు గ్రౌండులో అడుగు పెట్టడుగా?"

"పెట్టడు బావా," అన్నాడు గోడ. "పెట్టుంటే మనం ఫైనల్లో ఉండేవాళ్లం."