డోరీన్ అనని మాట

“పోస్ట్‌మ్యాన్‌ని ‘లవ్’ అని పిలుస్తావు. పాదిరిగారినీ లవ్ అంటావు. నీ కారుకి జరిమానా రాసినవాణ్ణి కూడా లవ్ అన్నావు! నన్ను మాత్రం హెబ్డెన్‌గారూ అంటావేం, డోరీన్?”

రొట్టెల కొట్టులో బల్ల ముందు నిలబడి నిలదీశాడు అరవై దాటిన వెర్నన్ హెబ్డెన్. వెనక వరస పెరుగుతోంది.

“మన యార్క్‌షైర్‌లో ఆ మాటకి అర్థమేముందండీ?” అంది డోరీన్ పొట్లం కడుతూ. “బాబూ, నాయనా అన్నట్టే. వట్టి నోటి అలవాటు.”

“అయితే నన్నూ ఓసారి అనొచ్చుగా!”

డోరీన్ చెవులు ఎర్రబడ్డాయి.

“మీతో అంటే అలవాటుగా రాదండీ. నిజంగానే అన్నట్టవుతుంది.”

వెర్నన్ నెమ్మదిగా టోపీ తీశాడు.

“అలాగే అను.”

“ఇంతమందిలోనా?” ఆమె గొంతు తగ్గించింది. “కొట్టు కట్టేశాక రండి. అంటాను.”