మూడో పాటకు ముందు దగ్గు

పిల్లలందరూ ఒక్కసారిగా దగ్గారు.

జలుబు చేసి కాదు. మూడో పాట మొదలుపెట్టే ముందు వాళ్లెప్పుడూ అలాగే దగ్గుతారు. ఖళ్లుమని ఒకే ఒక్క దగ్గు. ఆ వెంటనే ఫిడేళ్ల మీద కమానులు పడతాయి.

గోడవారన కూర్చున్న తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ల పక్కనున్న ఒక పాప తండ్రి ప్రదీప్‌కుమార్ మాత్రం నవ్వలేదు.

"ఏంది మేడమ్ ఇది? ఫిడేలు నేర్పమంటే దగ్గు నేర్పుతాండారు!"

టీచరు సుచరిత ముఖం ఎర్రబడింది.

తప్పు పిల్లలది కాదు. ఫిడేలు నేర్పే జపాను సుజుకి పద్ధతిలో ముందు పుస్తకం ఉండదు. పసిపిల్లలు మాటలు నేర్చుకున్నట్టే పాటా చెవితోనే నేర్చుకోవాలి. టీచరిచ్చిన రికార్డింగు ఇంట్లో రోజూ మోగుతుండాలి. ఆ రికార్డింగులో మూడో పాటకు ముందు ఎవరో దగ్గారు. పిల్లలు అదీ పాటలో భాగమే అనుకున్నారు.

"ఇంతకీ వాయించింది ఎవురు?" అన్నాడు ప్రదీప్‌కుమార్.

"మా రెజీనా టీచర్‌కి మొదట నేర్పినాయన. పాత టేపు. దాన్నే ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను."

"పేరు?"

సుచరితకు తెలియదు. బెంగుళూరులో రెజీనా దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ అడగాలని తోచలేదు. ఇప్పుడు అడుగుదామంటే రెజీనా లేదు.

"పేరు లేని పెద్దమనిషి, పైన దగ్గొకటి! వచ్చే వారానికి తీపిచ్చేయండి. లేకుంటే మా పాప మానేస్తాది. మా బజారు పిల్లోళ్లంతా మానేస్తారు."

ఉత్తుత్తి బెదిరింపు కాదది. కడపలో అతనిది పెద్ద బట్టల కొట్టు. క్లాసులో సగం మంది అతను చెప్తే చేరినవాళ్లే.

గది ఖాళీ అయింది. చివరి కుర్చీలో ఒక్కాయన మిగిలాడు.

ఎప్పుడూ మిగిలేది ఆయనే. పేరు లేవి. ప్రతి శనివారం మంగంపేట నుంచి బస్సులో వస్తాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ముగ్గురాయి గనిలో పోయాయట.

ఆ కుర్చీలు పిల్లల వెంట వచ్చే పెద్దవాళ్లకు మాత్రమే. బిడ్డతోపాటు వాళ్లూ కూర్చుని నేర్చుకోవడం ఈ పద్ధతిలో నియమం. మొదటి రోజే సుచరిత అడిగింది, మీ పాప ఏదని.

"వస్తాదమ్మా. మనవరాలు."

ఆ మనవరాలు ఇంతవరకూ రాలేదు.

పొమ్మందామని సుచరిత చాలాసార్లు అనుకుంది. నోరు రాలేదు. ఆయన మెట్లు దిగాక ఆ మేడగదిలో ఆమె ఒక్కతే. మళ్లీ శనివారం దాకా పలకరించే గొంతు ఉండదు. వండుకుంటూ, గిన్నెలు కడుక్కుంటూ ఆమె కూడా ఆ రికార్డింగే వినేది. గదిలో ఎవరో ఉన్నట్టుంటుందని.

ఆ రోజు లేవి లేచి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆ దగ్గు..."

"మీరు కూడానా పెద్దాయనా! తీయించేస్తానులెండి."



"తీయకుంటే పిల్లోళ్లు మానేస్తారా?"

"సగం మంది పోతారు. క్లాసు మూసుకోవాల్సిందే."

లేవి కిటికీలోంచి బస్టాండు వైపు చూశాడు.

"అట్లయితే తీసెయ్యమ్మా. పిల్లోళ్లు వాయించల్ల."

సెల్‌ఫోన్ కొట్టు భూపేష్ చిటికెలో పని ముగించాడు. "దగ్గుకు మందు నాకాడ ఉండాది మేడమ్," అని నవ్వాడు కూడా. సుచరిత అదే రోజు కొత్త రికార్డింగు అందరికీ పంపింది.

శనివారం వచ్చింది. ముందుగా రికార్డింగు పెట్టింది. రెండో పాట అయిపోయింది. చివరి కుర్చీలో లేవి కళ్లు మూసుకుని ముందుకు వంగాడు.

దగ్గు రాలేదు. ఫిడేలు తిన్నగా మొదలైంది.

"ఇప్పుడుండాది పాట మాదిరి!" అన్నాడు ప్రదీప్‌కుమార్.

లేవి కళ్లు తెరిచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పాట పూర్తి కాకముందే మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత రాలేదు. ఆ కుర్చీలో ఇంకెవరైనా కూర్చోబోతే సుచరితకు ఎందుకో కోపం వచ్చేది.

ఎండలు ముదిరాక ఒక శనివారం, పిల్లలు వెళ్లిపోయిన వేళ, ఒక ముసలామె మెట్లెక్కి వచ్చింది. చేతిలో పాత ఫిడేలు పెట్టె.

"నా పేరు విశ్వాసమ్మ. లేవి బావ మరదల్ని. దీన్ని ఈడ పిల్లోళ్లకు ఇయ్యమన్యాడు."

"ఆయనెక్కడ? రావడమే మానేశారు."

"పోయినాడమ్మా. మొన్న మన్ను చేసినాము."

సుచరిత పెట్టె అందుకోలేకపోయింది.

"ఆయనకు ఫిడేలు వచ్చా?"

"భలేదానివే! మా చర్చిలో పాటంటే ఆయప్పదే. మా ఊరి రెజీనాకు కమాను పట్టుకునేది నేర్పింది యెవురనుకున్యావు? చేతి యేళ్లు తెగినాక మళ్లా ముట్టలే."

సుచరిత ఫోన్ తీసింది. రికార్డింగు పెట్టింది.

విశ్వాసమ్మ ముఖం విచ్చుకుంది. "ఔ, బావదే! మా ఇంట్లోనే టేపు చేసుకున్యాది రెజీనా. బస్టాండులో నిలబడింటే నీ కిటికీలోంచి ఇనపడిందంట."

పెద్ద టీచరు. తన టీచరుకే టీచరు. చివరి కుర్చీలో కూర్చుని, రాని మనవరాలి పేరు చెప్పుకున్నాడు.

"తన పాట తాను వినడానికా, అంత దూరం నుంచి వచ్చింది?"

విశ్వాసమ్మ ఫోన్‌కు చెవి ఆనించి వింటోంది. రెండో పాట అయిపోయింది. ఆమె చెయ్యి పైకెత్తింది, ఆగమన్నట్టు.

మూడో పాట తిన్నగా మొదలైంది.

"అదేంది? యాడ పోయిందమ్మా మా అక్క?"

"అక్కా?"

"మా ఏసుమణక్క, బావ పెండ్లాము. పోయి శానా యేండ్లాయ. టేపు చేసేతప్పుడు పక్కనే కూచోని దగ్గింది. పిల్లాజెల్లా లేరు, ఉన్న ఒక్క ఫోటో చెదలు తినె. 'పోయి మీ అక్క గొంతు ఇనొస్తా' అని, ఆ దగ్గు కోసరమే గదమ్మా శనివారం శనివారం నీకాడికి వస్తాన్యాడు!"