ఇంట్లో చేసిన క్రీము

తెల్లబడతానని కొన్న క్రీముతో దేవిశ్రీ బుగ్గలు ఓసారి కమిలిపోయాయి. అందులో పాదరసం ఉందని డాక్టరు చెప్పాక, ఆ వాసన తలుచుకున్నా ఆమెకు డోకు వచ్చేది.

అందుకే కూర్మన్నపాలెంలో పక్కింటి వరహాలమ్మతో కలిసి సొంతంగా క్రీము చేయడం మొదలుపెట్టింది. కలబంద గుజ్జు, కొబ్బరినూనె, కస్తూరి పసుపు, అంతే. దేవిశ్రీ రుబ్బి ఇస్తే వరహాలమ్మ సీసాలకెత్తేది. నెల తిరిగేసరికి వీధిలో ఆడవాళ్ల మొహాలు తేటపడ్డాయి. మాకంటే మాకని సీసాలు పట్టుకుపోయారు.

ఓ మధ్యాహ్నం దేవిశ్రీ పిలవకుండానే వరహాలమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఆమె పేరులేని డబ్బాలోంచి తెల్లటి క్రీము తీసి గుజ్జులో కలుపుతోంది. అదే వాసన.

"ఏటి పిన్నీ, ఏటి సేత్తన్నావ్?"

"అరవకే. ఉత్త కలబందకి ఎవులైనా తెల్లబడతారేటి? మొదట్నుంచీ నాను కూసింత కలుపుతన్నాను. పసుపు వాసనలో తెలీదు. ఎవులికైనా ఏటైనా అయిందేటి?"

"సీ! నువ్వూ ఒక మనిషివేనా?"

గిన్నె లాక్కుని తూములో కుమ్మరించి, దేవిశ్రీ ఇంటికి పరుగెత్తింది.

ఉయ్యాలలో నిద్రపోతున్న తన పాపను ఎత్తుకుని తడిగుడ్డతో ఒళ్లంతా తుడవసాగింది. పాప గుక్కపట్టినా ఆపలేదు. పిల్లకి రంగు తేలిందని నిన్ననే అందరూ మురిశారు. ఇంట్లో చేసిందే కదా అని, రోజూ స్నానం చేయించాక తన చేత్తోనే రాస్తోంది.